నాగేశ్వర ల్యాప్‌టాప్ నిద్రలేచే కథ

నాగేశ్వర ల్యాప్‌టాప్ లేవడానికి ఎంతసేపు పడుతుందో చెప్పడానికి గడియారం అక్కర్లేదు. పొద్దున అతను బటన్ నొక్కే వేళకు వనజాక్షి బొరుగులు నీళ్ళలో వేస్తుంది. వాటిని పిండి, తాలింపు పెట్టి, ఉగ్గాని పళ్ళెంలో వేసి, పిల్లదానికి జడలల్లి బడికి తోలి, తను మగ్గం గుంటలోకి దిగి కాళ్ళు సర్దుకునేసరికి ముందరి గదిలోంచి మొగుడి గొంతు వినిపిస్తుంది.

"లేసిందే!"

"లేసిందా? దానికీ ఇంత ఉగ్గాని పెట్టేదా?" అంటుంది వనజాక్షి గుంటలోంచే.

నలభై నిమిషాలు. కొన్ని రోజులు నలభై అయిదు.

నాగేశ్వర ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. వాళ్ళ నాయన గళ్ళ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గీసేవాడు, గడికొక పోగు లెక్కన. దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొట్టేవారు. ఆ అట్టల దండ మగ్గం మీద తిరుగుతుంటే అంచులో మామిడి పిందెలు పడేవి. ఇప్పుడు చాలా ఇళ్ళలో అట్టలు పోయి మగ్గం నెత్తిన ఒక కరెంటు డబ్బా కూర్చుంది. దానికి పెన్‌డ్రైవ్ గుచ్చితే ఏ పోగు లేవాలో, ఏది పడుకోవాలో అదే చూసుకుంటుంది. ఆ పెన్‌డ్రైవ్‌లోకి పోయే బొమ్మ నాగేశ్వర ల్యాప్‌టాప్‌లో పుడుతుంది. ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి ఫీజు కట్టమని నాయన ఇచ్చిన దుడ్లు తీసుకుపోయి కంప్యూటర్ సెంటర్లో కట్టి వచ్చిన మనిషి అతను. ఆ రోజు తన్నులు తిన్నాడు. పన్నెండేళ్ళుగా ఆ పని మీదే అన్నం తింటున్నాడు.

చెయ్యి మంచిది. అతను చిలకను గీస్తే చిలకలాగే ఉంటుంది, జామకాయలాగ ఉండదు. ఆ ఊళ్ళో డిజైన్లు గీసే గదులు ఎన్నో ఉన్నాయి. చిలకలు గీసే చేతులు అన్ని లేవు.

ల్యాప్‌టాప్ సంగతికి వస్తే, పాస్‌వర్డ్ అడిగేదాకా దానికి ఏ రోగమూ లేదు. నిమిషంలో అడుగుతుంది. అసలు తంతు ఆ తర్వాతే. పాస్‌వర్డ్ కొట్టగానే తెర మీద ఒక డిజైన్ టంగుమని తెరుచుకుంటుంది. కాసేపాగి దాని మీద ఇంకొకటి, టంగ్. దాని మీద మరొకటి. రుద్రాక్ష అంచు, గుర్రపు డెక్క అంచు, తామర కొంగు, ఎవరి పెళ్ళికో గీసిన ఏనుగులు. మొత్తం అరవై రెండు. చివరిది తెరుచుకున్నాక గాని మౌసు సరిగ్గా కదలదు.

ఇవి ఇన్ని తెరుచుకోవడం రోగమని నాగేశ్వరకు తట్టనే లేదు. వేరే ఏదో రోగం ఉంది, దానివల్ల ఇవి మెల్లగా తెరుచుకుంటున్నాయి అనుకున్నాడు. తెరుచుకోవడం మాత్రం మంచిదే. తెరుచుకోమని చెప్పింది అతనే మరి.

నేతగాళ్ళ ఇళ్ళలో మగ్గం ఒట్టిగా ఉండకూడదు. అచ్చు, అంటే నిలువు పోగులు, అయిపోయి చీరలు దిగినా పోగుల్ని మొత్తానికి కోసి తీసేయరు. పాత కొసలు మూరెడు మగ్గానికే వదిలి, కొత్త అచ్చు పోగుల్ని ఒక్కొక్కటే వాటికి అతుకుతారు. పోగు లేని మగ్గం ఇంట్లో ఉంటే నాగేశ్వర అమ్మ ఆ పొద్దు సరిగ్గా అన్నం కూడా తినేది కాదు. అట్లాంటి ఇంట్లో పెరిగినవాడికి పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిస్తే ఒట్టి తెర ఎదురవడం మొదటినుంచీ గిట్టలేదు. ఆరేళ్ళ కిందట కళ్యాణదుర్గంలో జెరాక్స్ అంగడి నడిపే బామ్మర్ది ఓబిలేష్ వచ్చినప్పుడు ఆ మాటే అన్నాడు.

"అదెంత పని బావా? ఇదో, ఈ ఫోల్డరు పేరు స్టార్టప్. దీంట్లో ఏదేస్తే అది పొద్దున్నే దానంతటదే తెరుచుకుంటాది."

"ఏదేసినా?"

"ఏదేసినా. నేను దేవుని పాట ఏసుకున్నా."

ఓబిలేష్ చూపించినట్టే ఆ రోజు నడుస్తున్న డిజైన్‌కు షార్ట్‌కట్ చేసి అందులో వేశాడు. మరుసటి పొద్దున తెరవగానే చెన్నకేశవస్వామి దర్శనమిచ్చినట్టు రుద్రాక్ష అంచు దర్శనమిచ్చింది. నాగేశ్వర చెంపలు కూడా వేసుకున్నాడు. ఆ తర్వాత ఏ కొత్త డిజైన్ మొదలుపెట్టినా ముందు అందులో వేసేవాడు. పాతది తీసేవాడు కాదు. ఒకసారి వేరే ఫోల్డర్లో ఏదో తీయబోయి హంసల కొంగు అసలు ఫైలునే తుడిచిపెట్టేశాడు. పదకొండు రోజులు కూర్చుని మళ్ళీ గీయాల్సి వచ్చింది. అప్పటినుంచి డిలీట్ అనే మీట వైపు వేలు పోతే చెమట పట్టేది.

ఇదీ రోగం చరిత్ర. వైద్యం చరిత్ర ఇంకా బాగుంటుంది.

మొదట ఊళ్ళోనే ఒక రిపేరు అంగడికి పోయాడు. మెకానిక్ బటన్ నొక్కాడు. నిమిషంలో పాస్‌వర్డ్ అడిగింది.

"ఏమన్నా, దీన్ని స్లో అంటారా?"

"ఇది కాదప్పా. లోపలికి పోయినాక."

"పాస్‌వర్డ్ చెప్పు మల్ల. లోపలికి పోయి చూస్తా."

"చెప్పను."

"నువ్వే కొట్టు."

"కొట్టను. లోపల డిజైన్లుండాయి."

మెకానిక్ స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు. "కడుపు నొప్పని వచ్చి చొక్కా ఎత్తనంటే ఎట్లన్నా?"

నాగేశ్వర తప్పేమీ లేదు. రెండేళ్ళ కిందట తమలపాకు అంచు ఒకటి గీశాడు. అది గదిలో తెర మీద ఉండగా ఎవరో ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ ఫోటో కొట్టుకుపోయారు. ఎనిమిది రోజులకు అదే అంచు పవర్‌లూమ్ చీర మీద బజారులో వేలాడింది. ఆ డిజైన్ గీయించుకున్న షావుకారు మళ్ళీ గుమ్మం తొక్కలేదు. అప్పటినుంచి నాగేశ్వర గదిలో ఒక ఎర్ర టవల్ ఉంటుంది. మనిషి నీడ గుమ్మంలో పడితే చాలు, టవల్ తెర మీద పడుతుంది.

ఆ మెకానిక్ దుమ్ము ఊది పంపాడు. తగ్గలేదు. అనంతపురం పోయాడు. అక్కడి మెకానిక్ కూడా పాస్‌వర్డ్ దాకా చూసి బాగానే ఉందన్నాడు. ఇంత దూరం వచ్చావు కాబట్టి ర్యామ్ వేస్తా అన్నాడు. వేశాడు. నలభై నిమిషాలు ముప్పై ఏడైంది, ఇంకో నాలుగు డిజైన్లు చేరేసరికి మళ్ళీ నలభై అయింది. బ్యాటరీ ఒక్క క్షణం కూడా ఆగడం లేదంటే, ఈ మోడల్‌కు బ్యాటరీలు రావడం మానేశాయి అన్నాడు. మొత్తం ఫార్మాట్ కొట్టాలన్నది మూడో మెకానిక్. వాడి అంగడి మెట్లు నాగేశ్వర ఎంత తొందరగా దిగాడంటే ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

ఊళ్ళో తలా ఒక మాట చెప్పారు. వైరస్ అన్నారు. ఎండలన్నారు. ల్యాప్‌టాప్ ముఖం దక్షిణానికి ఉందన్నారు. నాగేశ్వర బల్లను తూర్పుకు తిప్పాడు. తిప్పాక కిటికీ వెలుగు తెర మీద పడి బొమ్మ కనబడక మళ్ళీ తిప్పాడు. వనజాక్షి నిమ్మకాయ కట్టింది. ర్యామ్ అంటే ఏమిటో, అది పెరిగితే మూడే నిమిషాలు ఎందుకు తగ్గాయో, అందరూ బాగుందన్నది తన ఇంటికి రాగానే ఎందుకు బాగుండదో అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంటి గాలి పడటం లేదేమో అని ఒకరోజు దాన్ని పక్కింట్లో పెట్టి కూడా చూశాడు. పక్కింట్లోనూ నలభై నిమిషాలే.

ఏప్రిల్ వచ్చింది. కరెంటు రోజుకు నాలుగుసార్లు రెప్ప కొట్టడం మొదలైంది. పోవడం కాదు, రెప్పపాటు ఆరి వెలగడం. ఇంట్లో ఫ్యాన్‌కు కూడా తెలియదు. ల్యాప్‌టాప్‌కు మాత్రం అది చావే. చస్తే మళ్ళీ పాస్‌వర్డ్, మళ్ళీ అరవై రెండు టంగులు. పని సగం రోజు అయింది.

నాగేశ్వర దగ్గర సగానికి పైగా పని జయరాం అనే షావుకారుది. పన్నెండు మగ్గాలాయన. మంచివాడే గాని కోపం వస్తే నవ్వుతాడు. ఒకరోజు నవ్వుతూ వచ్చాడు.

"ఏమప్పా నాగేశ్వరా, నిన్న పెన్‌డ్రైవ్‌కని పంపిస్తే మావోడు రెండు గంటలు నీ అరుగు మీద కూర్చోని వచ్చినాడంట. అరుగు బాగుండాదని చెప్పినాడు."

"కరెంటు పోయిందన్నా. మిషను లేసే పాటికి..."

"నా మగ్గం ఎవరు లేపాల? సోమవారం కొత్త అచ్చు ఎక్కిస్తాండా, పెండ్లి చీర. ఏడున్నరకి రావుకాలం. అది దాటితే వర్జ్యం, దాని మీద మంగళవారం. ఏడున్నర లోపల అడ్డపోగు మొదటి పోటు పడాల. ఈ ఒక్కసారి లేటయిందా, పన్నెండు మగ్గాలూ సుష్మకిస్తా. ఆ పిల్ల మిషను తలుపు తీసినట్టు తెరుచుకుంటాది."

సుష్మ పాలిటెక్నిక్ చదివి, రెండు సందుల అవతల కొత్తగా గది తెరిచిన పిల్ల. ఇరవై నాలుగేళ్ళుంటాయి. నాగేశ్వర ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె స్కూటీ సందులోకి వస్తే టవల్ వేసేవాడు.

డిజైన్ శనివారమే అయిపోయింది. అంచులో చిలకల జంటలు. ఆదివారం సాయంత్రం జయరాం ఫోన్ చేశాడు. పెళ్ళివారు బొమ్మ చూసి ఒప్పుకోలేదట. చిలకలు ఒకదానికొకటి వీపు చూపిస్తున్నాయట. పెళ్ళికూతురి చీర మీద చిలకలు అలిగి కూర్చుంటే ఎలా, ఎదురెదురుగా తిప్పమన్నారట.

"పొద్దున్నే తిప్పుతానన్నా. నువ్వు పెన్‌డ్రైవ్ తీసుకొని రా," అన్నాడు నాగేశ్వర. జయరాం తన మగ్గాలకు తన పెన్‌డ్రైవ్ తప్ప ఇంకొకటి గుచ్చనివ్వడు.

సోమవారం అయిదింటికే లేచి బటన్ నొక్కాడు. అయిదూ నలభైకి లేచింది. చిలకల్ని తిప్పాడు. తిప్పాక ముక్కులు తగులుకుంటున్నాయి, కాస్త జరిపాడు. ఇంత కష్టపడింది రేపు ఎక్కడుందో వెతుక్కోవడం ఎందుకని నేరుగా స్టార్టప్ ఫోల్డర్లోనే సేవ్ కొట్టాడు. ఇక ఆ బొమ్మను మగ్గం డబ్బా చదివే భాషలోకి మార్చడం ఒక్కటే మిగిలింది. అయిదు నిమిషాల పని.

ఆరూ యాభైకి కరెంటు రెప్ప కొట్టింది.

తెర నల్లబడింది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. నాగేశ్వర బటన్ నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆరూ యాభై రెండు. నలభై నిమిషాలు కలిపితే ఏడూ ముప్పై రెండు. ఎన్నిసార్లు కలిపినా అంతే వచ్చింది.

టంగ్. రుద్రాక్ష అంచు తెరుచుకుంది.

ఏడుకు జయరాం వచ్చాడు. వెనకాలే స్కూటీ ఆగింది. నాగేశ్వర కిటికీలోంచి చూసి టవల్ అందుకున్నాడు. ఈసారి తెర మీద వేసి ఊరుకోలేదు. తనూ లోపలికి దూరి తలమీదుగా కప్పుకున్నాడు.

"ఆవిరి పడుతాండావా ఏమయ్యా?" అంది వనజాక్షి గుమ్మంలోంచి.

"ఆ పిల్ల యాటికి వచ్చింది?" టవల్ లోపలినుంచి.

"నేనే పిలిపిచ్చినా," అన్నాడు జయరాం నవ్వుతూ. "నీ మిషను లేవకపోతే ఆ పిల్ల గీసిందేదో ఒకటి ఎక్కిస్తా. మగ్గం మాత్రం ఆగదు. ఏమప్పా, అయ్యిందా?"

"ముప్పై నిమిషాలు."

"రావుకాలం నీకోసం ఆగుతాదా?"

టంగ్. కాసేపాగి, టంగ్. సుష్మ గుమ్మంలో నిలబడి వింటోంది.

"అన్నా, అది ఎన్నిసార్లు టంగుమంటాది?"

టవల్ అంచు ఇంకాస్త కిందికి దిగింది.

"అరవై రెండు," అంది వనజాక్షి. "ఇయ్యాల్టికి అరవై మూడేమో. కరెంటు పోయినప్పుడల్లా నేను మగ్గంలో కూర్చోని లెక్క పెడతా."

"అరవై రెండేంటివి?"

"డిజైన్లమ్మా," అంది టవల్.

"ఏ డిజైన్లు?"

"అన్నీ."

"అన్నీ ఒకేతూరి యాటికి తెరుచుకుంటాండాయి? నువ్వేమన్నా స్టార్టప్‌లో ఏసినావా?"

టవల్ కదలడం ఆగిపోయింది. "నీకెట్ల తెలుసు?"

"అయ్యో అన్నా! అదేన్నా నీ మిషన్ని సంపుతాండేది."

"మగ్గం ఒట్టిగా ఉండకూడదు గదమ్మా," అన్నాడు నాగేశ్వర. లోపల ఉక్కకు గొంతు తడిగా వస్తోంది. సుష్మ నవ్వబోయి ఆపుకుంది. ఆమెదీ మగ్గం ఇల్లే.

"అచ్చు అతికేది ఒకటే గదా అన్నా. నువ్వు ఆరేండ్ల అచ్చులూ ఒకే మగ్గానికి అతికినావు. ఇట్ల రా, నేను చూస్తా."

"చూడొద్దు."

"సరే, చూడను." ఆమె చటుక్కున వెనక్కి తిరిగి, క్యాలెండర్ తగిలించిన గోడకు ముఖం పెట్టి నిలబడింది. "నేను గోడకి చెప్తాంటా. నువ్వు చేస్తా రా. ఏం కనబడతాదో చెప్పు, డిజైన్ పేర్లు మాత్రం చెప్పొద్దు."

జయరాం ఒకసారి గోడను, ఒకసారి టవల్‌ను చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈసారి నవ్వలేదు.

"విండోస్ గుర్తు మీట పట్టుకొని ఆర్ కొట్టు."

చాలాసేపటికి, "చిన్న డబ్బా వచ్చింది."

"దాంట్లో షెల్ అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, స్టార్టప్ అని కొట్టు."

"చుక్కలు పక్కపక్కనా, ఒకదాని మీద ఒకటా?"

"మీద ఒకటి."

టంగ్. టంగ్. మిషను ఒక అక్షరం రాసేలోగా ఒక డిజైన్ తెరుచుకుంటోంది. ఏడూ పదికి ఫోల్డర్ వచ్చింది.

"అన్నీ ఉండాయి," అన్నాడు నాగేశ్వర. తన ఆరేళ్ళ పని వరసగా చూసుకుంటూ గొంతులో కాస్త గర్వం కూడా వచ్చింది.

"ఒక్కోదాని మూలకి చిన్న బాణం గుర్తు ఉండాదా?"

"ఉండాది."

"అన్నిటికీ ఉండాదా? ఒక్కటి ఇడిసిపెట్టకుండా చూడు."

నాగేశ్వర వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. చివరి వరసలో వేలు ఆగింది. "ఒకదానికి లేదమ్మా."

"ఏందది?"

"పేరు చెప్పొద్దన్నావు గదా."

"నాగేశ్వరా!" అన్నాడు జయరాం.

"చిలకలు. పొద్దున చేసింది."

సుష్మ గోడ వైపే తిరిగి ఉండి రెండు చేతులూ పైకెత్తింది. "దాన్ని ముట్టుకోవద్దు! అది అసలుది. అట్లే మౌసుతో పట్టి బయటికి, తెర మీదికి లాగి పడెయ్యి. పడిందా? ఇప్పుడు మిగిలినవన్నీ పట్టుకోవాల. కంట్రోల్ పట్టుకొని ఎ కొట్టు. నీలంగా అయినాయా?"

"అయినాయి."

"డిలీట్ కొట్టు."

డిలీట్ మీట చప్పుడు రాలేదు. టంగ్ మాత్రం ఒకటి వచ్చింది.

"అన్నా?"

"పోతే మళ్ళీ రావు గదమ్మా. హంసల కొంగు అట్లనే పోయింది."

"బాణం ఉండేవి డిజైన్లు కాదన్నా. డిజైన్ యాడుందో రాసి పెట్టిన చీటీలు. అసలువి వాటి ఇండ్లల్లో అవి ఉండాయి."

"డిజైన్ కాకపోతే నొక్కితే డిజైనెట్ల తెరుచుకుంటాది?"

"చీటీ చూసుకోని పోయి తెరుస్తాది."

"నాకేం అర్తమయితాలేదు."

"అర్తం కాకపోయినా కొట్టన్నా!"

"ఏడూ పన్నెండు," అన్నాడు జయరాం.

నాగేశ్వర టవల్ కింద చెమటతో తడిసి కూర్చున్నాడు. తను ఓడితే ఆ గోడ దగ్గర నిలబడిన పిల్లకే పన్నెండు మగ్గాల పనీ దక్కుతుంది. ఇవన్నీ పోతే ఆమెకు పోయేదేమీ లేదు. అట్లాంటి మనిషి కొట్టు అంటోంది. కానీ ఆమే చిలకల్ని ముట్టుకోవద్దని అరిచింది. ఆ అరుపు లేకపోతే చిలకలు ఇప్పటికి పోయి ఉండేవి. ఇది ఎటు తిప్పినా అతని తలకు ఎక్కలేదు.

చివరికి ఒక్కటే, గుర్రపు డెక్క అంచు చీటీ, కళ్ళు మూసుకుని కొట్టాడు. అది మాయమైంది. వెంటనే పోయి డిజైన్లు దాచుకునే పెద్ద ఫోల్డర్ తెరిచాడు. తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఈలోగా ఇంకో మూడు టంగులు పడ్డాయి. గుర్రపు డెక్క అంచు అక్కడే, ఉన్నచోటే, గుర్రంలాగ నిలబడి ఉంది.

"ఉందే!" అన్నాడు వనజాక్షితో.

"ఉందని ఆ పిల్ల పొద్దుననుంచీ గోడకి మొత్తుకుంటాంది," అంది వనజాక్షి.

మిగిలినవన్నీ ఒక్క దెబ్బతో కొట్టేశాడు. సుష్మ రీస్టార్ట్ అంది, రీస్టార్ట్ కొట్టాడు. ఏడూ పంతొమ్మిది. నల్ల తెర. పాస్‌వర్డ్. కొట్టాడు. టంగు కోసం అలవాటుగా చెవులు పెట్టుకున్నాడు. రాలేదు.

తెర మీద ఒక పసిపిల్ల కూర్చుని ఉంది. బోడిగుండు, నోట్లో వేలు, మెడలో వెండి గొలుసు.

"ఇదెవరు?" అన్నాడు నాగేశ్వర బిత్తరపోయి. మిషను మారిపోయిందేమో అనుకున్నాడు.

వనజాక్షి టవల్ ఎత్తి తల దూర్చి చూసింది. "ఎవరంటావేమయ్యా? మన పిల్లే. గుండు చేయించిన పొద్దు నువ్వే పెట్టినావు గదా."

పిల్ల ఇప్పుడు రెండో తరగతి. ఆరేళ్ళుగా రుద్రాక్షల కింద, ఏనుగుల కింద కూర్చునే ఉంది. నాగేశ్వర ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయేవాడే. జయరాం బల్ల మీద పెన్‌డ్రైవ్‌తో టకటకా కొట్టాడు. చిలకల్ని తెరిచి, మగ్గం భాషలోకి మార్చి, పెన్‌డ్రైవ్‌లో వేసేసరికి ఏడూ ఇరవై అయిదు. జయరాం దాన్ని చొక్కా జేబులో కూడా పెట్టుకోలేదు, పిడికిట్లో పట్టుకుని బయటికి పరిగెత్తాడు. మగ్గం పక్క సందులోనే. కాసేపటికి ఫోన్ వచ్చింది.

"పడిందప్పా పోటు. ఏడూ ఇరవై తొమ్మిది. చిలకలు బాగా చూసుకుంటాండాయి." ఆగాడు. "ఇంక మీద అంచులు నీవే. కొంగులు మాత్రం సుష్మకిస్తా. ఇద్దరి దగ్గరా ఉంటే నాకు నిద్ర పడతాది."

ఫోన్ పెట్టాక నాగేశ్వరకు తను గెలిచాడో, ఓడాడో తెలియలేదు. పన్నెండు మగ్గాలూ ఉన్నట్టే ఉన్నాయి, సగం పోయినట్టూ ఉంది. టవల్‌తో ముఖం తుడుచుకుని చూస్తే సుష్మ ఇంకా గోడ వైపే తిరిగి ఉంది.

"ఇంక తిరగొచ్చమ్మా," అన్నాడు. "ఒక మాట. నా మిషను లేవకపోయింటే అన్నీ నీకే వచ్చుండు గదా. యాటికి చెప్పినావు?"

"అంచులు నాకెందుకన్నా?" అంది ఆమె స్కూటీ తాళం వెతుక్కుంటూ. "పోయిన నెల ఒకరికి చిలకలు గీసిచ్చినా. జామకాయలు బాగుండాయన్నారు."

వనజాక్షి ఆ రోజు ఆమెకు ఉగ్గాని పెట్టి గాని పంపలేదు.

సాయంత్రం నాగేశ్వర ల్యాప్‌టాప్ ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. తెర మీద పిల్ల తప్ప ఏమీ లేదు. బాగానే ఉంది గాని ఏదో ఒంటి మీద చొక్కా లేనట్టు ఉంది. షార్ట్‌కట్ చేసి, బాణం గుర్తు ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, ఒక్క చిలకల అంచు చీటీ మాత్రం ఆ ఫోల్డర్లో వేశాడు. వేసి వనజాక్షికి చెప్పాడు.

"ఒకటేనా?"

"ఒకటే. ఒట్టు."

మంగళవారం పొద్దున మామూలుగానే బటన్ నొక్కి, పాస్‌వర్డ్ కొట్టాడు. వనజాక్షి బొరుగులు నీళ్ళలో వేసింది. నాగేశ్వర మామూలుగానే చెప్పులేసుకుని సందు చివర టీ అంగడికి పోయాడు. టీ తాగి, పేపర్ చదివి, ఎవరితోనో ర్యామ్ గురించి తనకు తెలిసినంత చెప్పి, నలభై నిమిషాలు చూసుకుని తిరిగి వచ్చాడు.

తెర నల్లగా ఉంది. చిలకలు లేవు, పిల్ల లేదు. పక్కన చిన్న దీపం ఒకటి ఆరుతూ వెలుగుతోంది.

"వనజా! మళ్ళీ పోయిందే! ఒకటే ఏసినా గదే!"

మగ్గం గుంటలోంచి నవ్వు వచ్చింది. 

"యాడ పోయిందయ్యా? నువ్వు గడప దాటకముందే టంగుమనింది. లేసి, నీకోసం చూసి చూసి, మళ్ళీ పండుకుంది."